మధురై ఇంటి గడప

మధురై బస్సు ఒట్టన్‌సత్రం దాటేసరికి మా అవ్వ పులిహోర పొట్లం విప్పి, పక్కసీటు ఆమెకు సగం పెట్టి, మా ఇంటి కథంతా చెప్పేసింది.

"అయితే తాళంచెవి ఇస్తావా అక్కా?" అందామె.

"ఇల్లు చూసినాక సెప్తా మే."

మధురైలో మా పాత ఇంటిని బాగుచేసి, అలాంటి ఇళ్లను కాపాడడం నేర్పే బడి చేస్తున్నారు. మిగతా వాటాదారులంతా ఒప్పుకున్నాక వీధివైపు పని మొదలైంది. లోపలి గదులు మాత్రం అవ్వ వాటా. ఆ తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. అది రాకపోతే బడి వరండా దాటదు.

వెళ్లేవాళ్లకు ఒక మాట: పొద్దున ఆరుకు మా సింగానల్లూరులో బస్సు ఎక్కితే కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. పన్నెండు దాటాక మధురై ఆరపాళయం బస్టాండులో దిగి, ఆటోలో ఆ ఇంటికి వెళ్లాం.

పని చూసే ఇంజినీరు రేవతి నాకు వరసకు అక్క. టేకు గడప మీది రంగులన్నీ గీకి, తన పనితనం చూపించాలని గుమ్మం దగ్గరే నిలబడింది. ఆ రోజు శుక్రవారం. అవ్వ చెప్పులు విడిచి, సంచిలోంచి పసుపు తీసి, నీళ్లు చిలకరించి గడపంతా పూసేసింది.

"అయ్యయ్యో అవ్వా! నెల దినాలు గీకినానే!"

"అందుకే అది అంత బోసిగా ఉండాది. పసుపు లేని ఇల్లు గోడౌను పాపా. గోడౌనుకు నా తాళంచెవి ఎందుకు?"

రేవతి నన్ను చూసింది. నేను దూలాలు చూశాను. చివరికి అక్క చీర ఎగదోపి కూర్చుంది.

"సెరి, నేర్పు. వచ్చే పిల్లోళ్లకు ఇదే మొదటి పాఠం. ప్రతి శుక్రవారం వాళ్లే పూస్తారు."

"ఇట్లా కాదు మే, గోడకు సున్నం కొడతాండావా? వేళ్లతో, మెల్లగా."

మూడోసారికి అవ్వకు నచ్చింది. తాళంచెవి అక్క పసుపు చేతిలో పడింది.

తిరుగు బస్సులో నేను రేవతిని తలుచుకుని నవ్వుతూనే ఉన్నాను. పల్లడం దగ్గర అవ్వ కళ్లు తెరవకుండానే అంది: "నువ్వు నగొద్దు. మనింటి గడపకు పసుపు స్టిక్కర్ అంటించిన మహారాణివి నువ్వే గదా."

మర్నాడు పొద్దున, అవ్వ లేవకముందే, దోసెలు తిప్పే గరిటె తీసుకుని మా గడప మీది స్టిక్కర్ గీకడానికి కూర్చున్నాను.