తొంభైమూడు పెట్రోలు, అమ్మ తలంబ్రాలు

ఖరీదైన పెట్రోలు పోస్తే కారు నిజంగా బాగా లాగుతుందా... ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. బంకులో "ప్రీమియం కొట్టమంటారా మేడమ్" అని అడిగిన ప్రతిసారీ చప్పున జవాబు రాదు. వెనక కారువాళ్లు హారన్ కొడతారు.

మా చిన్నప్పుడు... కల్లూరు దగ్గర మా ఊళ్లో కారున్న ఇల్లు మాదొక్కటే. తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొని స్థిరపడ్డారు. నాన్న పాత అంబాసిడర్ కొన్నారు. ఎత్తు ఎక్కేటప్పుడు దాని ఇంజను టకటకా కొట్టుకునేది. అది పాత కారు చప్పుడని మేమంతా అనుకునేవాళ్లం. నాన్న మాత్రం అది పెట్రోలు చేసే చప్పుడనేవారు.

విజయవాడలో ఒక బంకులో 'తొంభైమూడు' అని ఇంకో రకం పెట్రోలు అమ్మేవారు. మామూలుదానికన్నా ఖరీదు. నాన్న అటు వెళ్లినప్పుడల్లా డబ్బా నిండా తెచ్చి కొట్టుగదిలో దాచేవారు... ఆవకాయ జాడీల పక్కన. అమ్మ జాడీలు జరిపేది. నాన్న డబ్బా జరిపేవారు. ఎలాగో మళ్లీ రెండూ పక్కపక్కకే చేరేవి.

"ఇంట్లో అన్నం తింటుంటే బంకులో కూర్చున్నట్టుంది" అనేది అమ్మ.

"మనిషికి సన్నబియ్యం ఎట్లాగో, బండికి అది అట్లా" అనేవారు నాన్న. ఈ మాట ఎన్నిసార్లు విన్నామో...

ఒక ఏడు నాకు జ్వరం వచ్చి ఎంతకీ తగ్గలేదు. తగ్గితే భద్రాద్రి రాముడి పెళ్లికి గోటి తలంబ్రాలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. వడ్లను రోకలి తాకకూడదు. ఒక్కో గింజా గోటితోనే ఒలవాలి. గింజ విరిగితే పనికిరాదు. మధ్యాహ్నం పనులయ్యాక స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, అమ్మా పక్కింటి సుగుణత్తా వసారాలో కూర్చునేవారు. చలికాలంలో మొదలుపెడితే ఎండలు ముదిరాకగానీ సంచి నిండలేదు. అమ్మ గోళ్ల చివరలు చిట్లి, పులుసు కలుపుకున్నా మండేవి.

పండగ ముందురోజు పొద్దున్నే సుగుణత్తను కూడా ఎక్కించుకుని బయల్దేరాం. అమ్మ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న ఒప్పుకోలేదు.

"పిల్ల కాళ్లు తగుల్తాయి. డిక్కీలో పెట్టు, పదిలంగా ఉంటది."

పెట్టింది.

పాల్వంచ దాటి అడవిలో పడ్డాం. ఎత్తులు వచ్చాయి. ఇంజను కొట్టుకోలేదు... నాన్న స్టీరింగ్ మీద వేళ్లతో దరువేశారు.

"విన్నావా?"

"ఏం వినాలి?" అంది అమ్మ.

"అదే. ఏమీ వినపడట్లేదు కదా. తొంభైమూడు అంటే అదీ."

"గా పెట్రోలేందో మా ఆయనక్కూడా జర పొయ్యన్నా" అంది సుగుణత్త. "గడప దాటితే ఆయాసపడ్తడు."

గోదావరి ఒడ్డున కారు ఆపి డిక్కీ తీయగానే... గుప్పున వాసన. తిరుగు ప్రయాణానికి కావాలని నాన్న మిగిలిన పెట్రోలు డబ్బా కూడా అందులోనే పెట్టారు. మూత వదులై ఒలికింది. తలంబ్రాల సంచి అడుగంతా తడిసింది.

అమ్మ సంచి ఎత్తి వాసన చూసింది.

"పెట్రోలుదేముంది, గాలికే పోద్ది" అన్నారు నాన్న. "అందులోనూ ఇది మంచిరకం. మరక కూడా పడదు."

ఆ క్షణంలో కూడా ఆ పెట్రోలును పొగిడిన మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కొత్త తువ్వాలు పరిచి ఎండలో ఆరబోశారు. చాలాసేపయ్యాక నాన్న గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఏం లేదు."

"ఉన్నదన్నా" అంది సుగుణత్త. "నీ ముక్కు గా డబ్బాకు అలవాటు పడ్డది."

అమ్మ నావైపు తిరిగింది. "నువ్వు చూడవే."

చూశాను. ఉన్నట్టే ఉంది... లేనట్టూ ఉంది. "తెలీట్లేదమ్మా."

"స్వామి పెళ్లికి అనుమానం కలిపి ఇస్తానా" అంది అమ్మ. మోకాలి లోతు నీళ్లలోకి దిగి మొత్తం గోదావరిలో వదిలేసింది. మర్నాడు కల్యాణంలో ఒట్టి చేతులతోనే దండం పెట్టుకుంది.

చలికాలం రాగానే మళ్లీ వడ్లు ముందేసుకుని కూర్చుంది. ఈసారి సంచి ఒళ్లో పెట్టుకుని సుగుణత్తతో కలిసి బస్సెక్కింది. నాన్న బస్సు వెనకాలే, దాని పొగంతా పీలుస్తూ, కారులో భద్రాచలం దాకా వచ్చారు. మొక్కు తీరింది.

పెద్దయ్యాక చదివాను... అలా కొట్టుకునే ఇంజనుకైతేనే ఆ పెట్రోలుతో లాభం, లేకపోతే డబ్బు దండగేనట. మాది కొట్టుకునేదే. అంటే నాన్న గెలిచినట్టేనా? కానీ ఆ ప్రయాణానికి ముందు కారును సత్తుపల్లి తీసుకెళ్లి ప్లగ్గులూ కార్బొరేటరూ శుభ్రం చేయించారు. చప్పుడు ఆగింది పెట్రోలు వల్లా, ప్లగ్గుల వల్లా? నాన్ననడిగితే ప్లగ్గుల మాటే గుర్తులేదంటారు. గుర్తుండదు మరి.

మొన్న అమ్మనడిగాను. "లాగిందే. ఆ రోజు కారు బాగానే లాగింది. అందుకే ఇప్పటికీ ఒళ్లు మండుద్ది" అంది.

నాన్న మాటైతే తీసిపారేద్దును. ఆయన మీద కోపం పోని మనిషే ఒప్పుకుంటుంటే ఏం చెయ్యను?

ఇప్పుడు డబ్బాలు మోసుకురానక్కర్లేదు, అడిగితే ఏ బంకులోనైనా పోస్తారు. అద్దాలు మూసుకుంటే ఇంజను చప్పుడే లోపలికి రాదు. ఇక తేడా ఎవరు వింటారు... మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇలా ఒక నూనెనో, ఎరువునో, టానిక్కునో నమ్మి మిగతావాళ్ల ప్రాణం తీసే ఉంటారు. కింద రాయండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది.

నా సంగతంటారా... ఒకసారి ప్రీమియం, ఒకసారి మామూలుది కొట్టిస్తుంటాను. తేడా ఉందో లేదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.