గెడ పట్టుకోని చేతులు

సంపాదకురాలి దగ్గర్నుంచి ఫోను వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. పిల్లల పుస్తకాలకు కార్టూన్ బొమ్మలు గీయడం నా పని. గెడతో నెట్టుతూ పడవ నడిపే కొల్లేటి పడవవాడి కథ ఒకదానికి బొమ్మలు పంపి మూడు రోజులైంది.

"ముఖాలు చాలా బావున్నాయండీ," అందావిడ. ఆ మాట వినగానే తర్వాత ఏం రాబోతోందో తెలిసిపోయింది. "మెడ కిందే మనిషి లేడండీ. పడవవాడు గెడ పట్టుకున్నట్టు లేదు, గెడకి అతుక్కున్నట్టున్నాడు. కార్టూనైనా లోపల ఎముకలుండాలి కదా. వారంలో మార్చి పంపగలరా?"

పంపుతానన్నాను. ఫోను పెట్టేశాక అరచేతుల చెమట కొంగుకు తుడుచుకున్నాను. ఇన్నేళ్ళుగా దాచుకున్నది ఆవిడ పట్టేసింది. నాకు చేతులు గీయడం రాదు. నా బొమ్మల్లో పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుంటారు, అమ్మలు కొంగు కింద దాచుకుంటారు, మాస్టార్లు జేబుల్లో పెట్టుకుంటారు. ఏడో తరగతిలో మా డ్రాయింగు టీచరు నా బొమ్మను అందరికీ కనబడేలా పైకెత్తి, "ఇవి వేళ్ళా, అరటిపళ్ళా?" అని అడిగారు. క్లాసంతా నవ్విన ఆ నవ్వు పెన్సిలు పట్టుకున్నప్పుడల్లా నాకు వినబడుతూనే ఉంటుంది.

బొమ్మలు గీసేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపు ఒకటుంది. ఆ సాయంత్రం పడవవాడి బొమ్మ అందులో పెట్టి, 'శరీరం కుదరడం లేదు, తప్పులు చెప్పండి' అని రాశాను. రాసిన వెంటనే ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. కాసేపటికి మా ఆయన అన్నం వండుదామని డబ్బా తీసి, మోగుతున్న ఫోను తెచ్చి నా ముందు పెట్టారు.

"మీరే చూసి చెప్పండి," అన్నాను.

ఆయన చూశారు. "ఎవరూ తిట్టలేదు. ఒకాయన గీతలు గీశాడంతే."

మొహం తెలియని ఆ మనిషి నా బొమ్మ మీదే ఎర్రగీతలతో వెన్నెముక, భుజాలు, మోచేతులు గీసి పెట్టాడు. ఎర్రగీతల మనిషి ముందుకు వంగి బలంగా నెడుతున్నాడు. వాడి వెనక నా మనిషి తీగ మీద ఆరేసిన చొక్కాలా వేలాడుతున్నాడు. కింద ఒక ప్రశ్న: 'పడవ నడిపేవాళ్ళని ఎప్పుడైనా దగ్గరగా చూశారా?'

చూడలేదు. కొల్లేటికి ఇంత దగ్గరలో పుట్టి పెరిగి కూడా నేను పడవెక్కలేదు. నాకు నీళ్ళంటే భయం.

మర్నాడు పొద్దున్నే ఏలూరు బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో చేపల చెరువుల గట్ల వెంట ఒక లంక ఊరికి వెళ్ళాను. ఒడ్డున ఒక పెద్దాయన దోనెలో వల సర్దుకుంటున్నాడు. నా పనేమిటో చెప్పి కాగితం చూపించాను. ఆయన దాన్ని చూస్తున్నంతసేపూ టీచరు చేతిలో ఉన్న కాగితమే మళ్ళీ ఈయన చేతిలోకి వచ్చినట్టనిపించింది.

"మీ బొమ్మలో ఈయన నీళ్ళలో పడిపోతాడండి," అన్నాడు నెమ్మదిగా. ఆయన నవ్వలేదు. "కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టేశాడు. బలం ఎక్కణ్ణుంచి వస్తాదండి?"

"చేతుల్లోంచి కాదా, బాబాయ్ గారూ?"

"చేతులు పట్టుకుంటాయంతేనండి. బలం మడమలోంచి రావాలి. చెబితే తెలీదు గానీ, ఎక్కండి."

చెప్పులు ఒడ్డునే విడిచాను. దోనెలో కాలు పెట్టగానే అది పక్కకి ఒరిగింది, నేను ఆయన భుజం గట్టిగా పట్టేసుకున్నాను. నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్క ఆకులు దాటి కొంత దూరం వెళ్ళాక ఆయన గెడ నా చేతికిచ్చాడు. అడుక్కి గుచ్చి నెట్టాను. దోనె ముందుకు కదిలింది, గెడ మాత్రం బురదలో దిగబడి అక్కడే ఉండిపోయింది. నా పాదాలు దోనెతో పోతున్నాయి, చేతులు గెడ దగ్గరే ఉన్నాయి.

"వదిలెయ్యండమ్మా," అన్నాడాయన.

వదలడం నా వల్ల కాలేదు. వేళ్ళు నా మాట వినలేదు. భుజాలు చెవుల దాకా లేచాయి, ముంజేతుల్లో నరాలు తాళ్ళలా బిగిశాయి, నడుం విరుగుతుందేమో అనిపించింది. నల్లటి నీళ్ళు నా మొహం కిందికి వచ్చాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఆయన వెనక నుంచి నా నడుం పట్టి లాగితే దోనె అడుగున కూలబడ్డాను. గెడ నీళ్ళలో నిలబడే ఉంది.

పళ్ళు టకటకలాడుతుంటే అడిగాను, "ఇక్కడ లోతెంతండీ?"

"మొలలోతండి," అన్నాడాయన, నా వైపు చూడకుండా. చేతుల్తోనే నీళ్ళు తోస్తూ దోనెను వెనక్కి నడిపి గెడ అందుకున్నాడు.

ఒడ్డు చేరేదాకా ఆయన మడమలు, నడుం, మణికట్లు చూస్తూ కూర్చున్నాను. వణుకు తగ్గలేదు. ఆ వణుకుతోనే గీసుకున్నాను.

నాలుగు రోజుల్లో పడవవాణ్ణి మొదటి నుంచీ మళ్ళీ గీశాను. మొదట ఎముకలు, తర్వాత ఒళ్ళు, చివరికి చొక్కా. చేతులు ఎక్కడా దాచలేదు. పంపేటప్పుడు బొటనవేలు తెర మీద చాలాసేపు ఆగిపోయింది.

ఆవిడ జవాబు మధ్యాహ్నం వచ్చింది. "మనిషి వచ్చాడండీ. నేనైతే వీడి దోనె ఎక్కుతాను. ఎడమచేతి బొటనవేలు మాత్రం తప్పు వైపున ఉంది, చూడండి."

ఆ క్లాసు నవ్వు మళ్ళీ వినబడింది. అయినా లేచి, మూలనున్న బూజుకర్ర ఎడమచేత్తో పట్టుకుని, నా వేళ్ళకేసి చూసుకున్నాను. ఆవిడ చెప్పింది నిజమే. రబ్బరు తీసుకున్నాను.