అన్న తొక్కిన పెడళ్ళు

బల్గేరియాలో వ్రాత్సా పట్నం చుట్టుపక్కల ఊళ్ళలో కిడ్నీ జబ్బు కొన్ని ఇళ్ళనే పట్టుకుని ఉంటుంది. నెవ్యానా ఇంటికి అది మూడుసార్లు వచ్చింది: ముందు తల్లికి, తర్వాత అన్న స్వెత్లోజార్‌కి, ఇప్పుడు తనకి. ఇంటి గేటుకి అన్న చనిపోయిన కబురు కాగితం ఫొటోతో సహా అంటించే ఉంది. డయాలసిస్ రోజుల్లో ఆ ఫొటో ముందునుంచే వెళ్ళి ఆమె ఆసుపత్రి వ్యాను ఎక్కాలి.

సొంత కాళ్ళతో ఎక్కగలిగినంత కాలమే ఆ వ్యాను. ఎక్కలేననే రోజొస్తే ఇంటికి తాళం వేసి పట్నంలోని వృద్ధాశ్రమానికి పోవాల్సిందే. ముప్పై ఏళ్ళు రొట్టెల బట్టీలో నిలబడి పనిచేసిన మనిషి ఆ భయంతోనే వ్యాయామానికి ఒప్పుకుంది. వ్యాయామం చేయించే కాలిన్ మంచం చివర పెడళ్ళు బిగిస్తాడు. ఒంట్లో రక్తం యంత్రంలో తిరుగుతుండగా, మొదటి రెండు గంటల్లోపే, పడుకుని తొక్కాలి.

అవి నిరుడు అన్న తొక్కిన పెడళ్ళే. ఎడమ పట్టీకి అతను కుట్టుకున్న నీలం దారం అలాగే ఉంది.

"ఇలా తొక్కితే వేసవికి సముద్రం చేరతావు పిన్నీ" అన్నాడు కాలిన్.

"నువ్వు ముందు పెళ్ళి చేసుకో నాయనా. తొక్కుకుంటూ వచ్చి భోంచేస్తాను."

గంట దాటాక పెడళ్ళు ఉన్నట్టుండి తేలికయ్యాయి. ఎవరో తిప్పుతుంటే తన పాదాలు ఊరికే వెంటపోతున్నట్టుంది. చెవుల్లో హోరు. మంచం చివర స్వెత్లోజార్, ఫొటోలోని చొక్కాతోనే, పెడళ్ళ మీద చేతులు వేసి నిలబడి ఉన్నాడు.

"అలిసిపోయావే చెల్లీ. వచ్చెయ్. అమ్మ పొయ్యి రాజేసింది."

పొగ వాసన తగిలింది. వెళ్ళాలనే అనిపించింది. అంతలో ఇంట్లో తడిగుడ్డ కింద పెట్టి వచ్చిన రొట్టెపిండి గుర్తొచ్చింది. నెవ్యానా తల పైకి విసిరి నాలుక టక్కుమనిపించింది. అక్కడ కాదనడం అలాగే. అవుననాలంటే తల అడ్డంగా ఊపుతారు.

సరిగ్గా అప్పుడే కాలిన్ బాగానే ఉందా అని అడిగాడు. ఆ కాదు తనకే అనుకుని పెడళ్ళు ఆపి, మంచం తలవైపు దించి నర్సును కేకేశాడు. బీపీ డెబ్బైకి పడిపోయింది. సెలైను ఎక్కించారు.

తేరుకున్నాక అతను, ఆ కాదు చెప్పబట్టే సరిపోయిందనీ, లేకపోతే ఇంకాసేపు తొక్కించేవాణ్ణనీ అన్నాడు.

"నీతో అనలేదు నాయనా" అంది ఆమె. అతను నవ్వాడు. ఎడమ పట్టీ మీద నీలం దారం లేదు.

మధ్యాహ్నం కమ్మీ పట్టుకుని వ్యాను మెట్లు తనే దిగింది. గేటు దగ్గర ఫొటో ముందు ఆగింది.

"ఎల్లుండి మళ్ళీ అడుగుతావా?"

గాలి లేదు. ఒక్క మూలన అంటుకుని ఉన్న కాగితం మెల్లగా అడ్డంగా ఊగింది.