రంగు తుడుచుకుని వచ్చిన మహారాణి

మా చిన్నప్పుడు నరసాపురంలో స్కూలు యానివర్సరీ అంటే మేకప్ వెయ్యడానికి అబ్బులుగారు రావలసిందే... పౌరాణిక నాటకాలకు ఊరూరా తిరిగి వేషాలు దిద్దిన చెయ్యి ఆయనది. రేకు పెట్టె తెరిచారంటే గదంతా రంగుల వాసనే!

ఆయనకో పద్ధతి ఉండేది. దేవతలకూ రాజులకూ గులాబీ రంగు... రాక్షసులకు నల్ల రంగు. ఎవరిది ఏ వేషమని అడిగేవారు కాదు. మొహం చూసి కానిచ్చేసేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా తెలుగు టీచర్‌గారు సొంతంగా ఒక నాటకం రాశారు. రాజు చనిపోతే రాణి గద్దెనెక్కుతానంటుంది, ఆడదానికి రాజ్యమేంటని మంత్రి అడ్డుపడతాడు... అదీ కథ. రాణి వేషం నాగమణికి ఇచ్చారు. లేసు అల్లే సత్యవతిగారి అమ్మాయి. బాగా నలుపు.

"రాణంటే కాస్త కళగా ఉండాలి కదండీ" అని లెక్కల మాస్టారు నసిగారు.

"కళ గొంతులో ఉందండీ... ఒకసారి వినండి" అన్నారు టీచర్‌గారు.

నెల్లాళ్లు ఆ పిల్ల నిద్రలో కూడా అవే డైలాగులు చెప్పిందట. రాణి కలలోకొచ్చి భయపెట్టే రాక్షసి వేషం నాది.

యానివర్సరీ సాయంత్రం అబ్బులుగారు తెల్లటి నా మొహం చూస్తూనే "రా తల్లీ, రాణమ్మా" అని గులాబీ రంగు పూసి, కిరీటం పెట్టేశారు. తర్వాత నాగమణి మొహానికి నల్ల రంగు పట్టించి, కోరలు దిద్దారు. "రాణిని నేనండీ" అందది. "ఊరుకోవే, వేళాకోళాలూ నువ్వూ!" అని నవ్వేశారాయన.

టీచర్‌గారు బయట మైకు దగ్గరున్నారు. నేనొక్క మాట అంటే సరిపోయేది... అనలేదు. అద్దంలో కిరీటం చూసుకుంటూ మురిసిపోయాను.

బెల్లు కొట్టారు. నాగమణి లేచి, ఆయన పెట్టెలోంచి కొబ్బరినూనె సీసా తీసి మొహానికి పట్టించి, తువ్వాలుతో రంగంతా తుడిచేసుకుంది. ఆయన కంగారుపడి గులాబీ రంగు తియ్యబోతే "వద్దండీ, ఇలాగే వెళ్తాను" అంది. నా దగ్గరికొచ్చి "ఇలా ఇవ్వవే" అని కిరీటం తీసి పెట్టుకుంది. అమ్మో... ఏం నిబ్బరం!

తెర లేచింది. దీపాల వెలుగులో ఆ నల్లని మొహం నిగనిగలాడిపోతోంది. జనంలో కిసుక్కుమని నవ్వులు. అప్పుడు మంత్రివైపు తిరిగింది...

"మంత్రీ! ఈ సింహాసనం నన్ను ఆడదానివా అని అడగలేదు. అడగడానికి నువ్వెవరు?"

అంతే. గ్రౌండంతా గప్‌చుప్. తెర పక్కన నా దగ్గరే అబ్బులుగారు చేతులు జోడించి నిలబడిపోయారు. నాగమణి లోపలికి రాగానే "తప్పైపోయింది తల్లీ" అన్నారు. ఆయన అన్నారు... నేను అనలేదు.

మొన్న మా అమ్మాయి స్కూలు నాటకం ఫొటోలు వచ్చాయి. పిల్లలందరి మొహాలూ ఒకటే తెలుపు. ఫొటో తీసే ఫోనే తనంతట తాను తెలుపు పూసేస్తోందట. ఇప్పటి పిల్లలకు తమ మీద రంగు పడిందని కూడా తెలియట్లేదు...

మీ స్కూలు నాటకంలో రాణి ఎవరండీ? రాక్షసి వేషం ఎవరికి అంటగట్టారు? చెప్పండి, వింటాను.

నాగమణీ, ఇది నీ కంటపడితే... అబ్బులుగారు తెలియక వేశారే. నేను తెలిసే కూర్చున్నాను.