బూజు మరిచిన విద్య

నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టిన చాందీ, జనగామలో పరశురాములు నడిపే చిన్న ల్యాబులో నాలుగేళ్లు పనిచేసింది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోనును వాపులు తగ్గించే స్టెరాయిడ్ మందుగా మార్చాలంటే దాని అణువులో సరిగ్గా ఒకచోట ఆక్సిజన్ చేర్చాలి. రసాయనాలతో అది తలనొప్పి పని. కొన్ని బూజులు మాత్రం రెండు రోజుల్లో చేసిపెడతాయి. అలాంటి దానికోసం ఊరూరి మట్టి వెతికి వెతికి, చివరికి భూపాలపల్లి బొగ్గుగని పక్కన కుళ్లిన దుంగ మీద పట్టుకుంది చాందీ.

ఆ బూజు గురించి ఒక సైన్సు పత్రికలో వ్యాసం అచ్చయింది. అందులో పరశురాములు పేరుంది, అతని అల్లుడు మిథున్ పేరుంది. ఆమె పేరు లేదు. అడిగితే పరశురాములు తలైనా ఎత్తలేదు.

"మట్టి తెచ్చినవు, సీసాలు కడిగినవు. గంతమాత్రానికి పేరేంది? తండా పిల్లకు జీతమిచ్చుడే ఎక్కువ."

చాందీ ఆ రోజే పని మానేసింది. ఆ బూజును పెంచే గాజు పళ్లెం నుంచి పళ్లేనికి మారుస్తూ పోతే కొన్నాళ్లకు విద్య మరిచిపోతుందని, ఎండిన మట్టిలో దాచితేనే నిలుస్తుందని ఆమెకు తెలుసు. ల్యాబు నోటుబుక్కులో రాసింది కూడా. అతను చదవలేదు. ఆమె చెప్పలేదు.

మహబూబాబాద్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవుల్లో ఆ దుంగ దగ్గరికే వెళ్లి బూజును మళ్లీ తెచ్చి పెంచింది. కాచుకుని కూర్చుంది.

ఎనిమిది నెలలకు పరశురాములు ఫోన్ చేశాడు. మందుల కంపెనీ వాళ్లు చూడ్డానికి వస్తున్నారట, బూజేమో హార్మోనును మార్చడం లేదట.

"జర చెప్పు బిడ్డా, ఏం కలిపేదానివి?"

"నేనే వచ్చి చూపిస్త సార్."

కంపెనీ వాళ్ల ఎదుటే రెండు సీసాలు పక్కపక్కన పెట్టింది, అతని బూజుతో ఒకటి, తనదానితో ఒకటి. మూడోరోజు పరీక్షలో అతని సీసాలో హార్మోను వేసింది వేసినట్టే ఉంది. ఆమె సీసాలో పూర్తిగా మారిపోయింది. అప్పుడు, పని మానేసేముందే తీసిపెట్టుకున్న తన నోట్సు నకళ్లు తారీఖులతో సహా బల్లమీద పరిచింది.

"దీన్ని పట్టింది నేను. సార్‌కు దాని విద్యను కాపాడుడు సుత రాదు."

మిథున్ లేచి బయటికి పోయాడు. పరశురాములు చాందీని కూర్చొమ్మని బతిమాలాడు. ఆమె నిలబడే ఉంది.

అవే నకళ్లు పత్రికకూ పంపింది. వాళ్లు విచారించి, వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నామని ఆమెకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ప్రతిని చాందీ స్వయంగా పరశురాములుకు రిజిస్టర్డ్ పోస్టు చేసింది. వారానికి, అది అందినట్టు రసీదు కార్డు తిరిగొచ్చింది. దానిమీది అతని సంతకాన్ని ఆమె చాలాసేపు చూసింది. జాలి కలుగుతుందేమో అనుకుంది. కలగలేదు.