నాలుగో బోరు

ఆగిరిపల్లి దగ్గర కట్టబోయే వంతెన కోసం బోర్లు వేసి తీసిన మట్టి వివరాలని నాగసుధ కంప్యూటర్లో పొరలుగా పేరుస్తోంది. అన్నిట్లోనూ పైన ఎర్రమట్టి, కింద రాళ్ళు కలిసిన గట్టి గరప. నాలుగో బోరులో మాత్రం మొదటి మూడడుగుల్లో గరప పైన, ఎర్రమట్టి కింద.

"తిరగేసి ఎక్కించావమ్మా, మార్చెయ్," అన్నారు పెద్ద ఇంజనీరు.

ఆమెకి నాన్న పెద్దిరాజు గుర్తొచ్చాడు. ఆగిరిపల్లి దగ్గర తమ తోటలో మామిడి మొక్కకి గుంట తవ్వితే ఎర్రమట్టి ఓ పక్క, గరప ఓ పక్క పోసేవాడు. ఆ ఎర్రమట్టి కుప్ప మీదే కూర్చుని చూసేది తను. పూడ్చేటప్పుడు ఎర్రమట్టే ముందు అడుగున వేసేవాడు, గరప దాని పైన. "వేళ్ళు దిగేది అక్కడికేగా, మంచి మట్టి అక్కడుండాలి," అనేవాడు.

ఇప్పుడు ఆ తోటా లేదు, నాన్నా లేడు.

"మార్చకూడదండీ," అంది నాగసుధ. "ఆ గుంట మా నాన్న పూడ్చింది."