పాపాయి కడిగిన కోటు

పాలకొల్లు కంసాలి వీధిలో కొట్లు తెరిచేసరికే పాపాయి పని సగం అయిపోతుంది. చేతిలో రెండు బ్రష్షులు, ఒక చేట, చంకలో గోనెసంచి. గుమ్మాలు, గోడ పగుళ్లు, కాలవ అంచు, దేన్నీ వదలదు. లోపల కంసాళ్లు ఆకురాయితో అరగదీసినప్పుడు రాలిన బంగారు రజను ఎవరి చెప్పులకో అంటుకుని వీధిలోకొస్తుంది. ఆ దుమ్మంతా ఇంటికి మోసుకెళ్లి ఇనప బేసినులో కడిగి, అడుగున మిగిలిన బంగారం మళ్లీ అదే వీధిలో అమ్ముతుంది. అత్తగారు నేర్పిన పని. ఆవిడ పోయి పద్దెనిమిదేళ్లయింది. అయినా బేసిను కాస్త ఎక్కువ వంగితే వీపు మీద దెబ్బ పడుతుందేమోనని పాపాయి ఇప్పటికీ భుజాలు ముడుచుకుంటుంది.

మే నెలలో ఒక పొద్దున, భుజానికి సంచీ తగిలించుకున్న అమ్మాయి వచ్చి ఆమె ముందు నిలబడింది.

"పాపాయి గారంటే మీరేనాండి?"

పాపాయి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"గారు దాకా ఎందుకండి. పాపాయినే."

ఆ అమ్మాయి పేరు మంజుష. సినిమాలో అసిస్టెంట్ డైరెక్టరు. ఉత్తరాన, భూమికి ఆ చివర, ఏడాదిలో ఎనిమిది నెలలు గడ్డకట్టే ఏట్లో బంగారం వెతకడానికి పోయిన నలుగురి కథ అట. మంచు సీన్లన్నీ విదేశంలో తీసేశారు. హీరో బంగారం కడిగే సీను మాత్రం కుదరలేదు. మంజుష ఫోనులో అది చూపించింది. పాపాయి చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఈ బాబు బియ్యం కడుగుతున్నాడండి! బంగారం ఎప్పుడో ఏట్లో కలిసిపోయింది."

"మా డైరెక్టర్ గారూ అదే అన్నారు. అందుకే మీ చేతులు కావాలి. ముఖం ఆయనది, చేతులు మీవి."

"మొగోడికి నా చేతులేంటండీ?"

"కోటు ఉంది, వేళ్లు బయటికుండే గ్లవ్స్ ఉన్నాయి. ఎవరికీ తెలీదు."

రెండ్రోజుల తర్వాత చించినాడ వంతెన దగ్గర గోదావరి ఇసుక మేట మీద కెమెరా పెట్టారు. మొదట ఇసుకలో బంగారు రంగు తళుకు పొడి కలిపారు. పాపాయి ఒక్క ఊపు ఊపేసరికి పొడంతా నీటి మీద తేలి నర్సాపురం వైపు వెళ్లిపోయింది. డైరెక్టరు ఫణీంద్ర తల పట్టుకున్నాడు.

"నిజం బంగారమైతే అడుగున కూర్చుంటుందండి," అంది పాపాయి. "మా బ్రహ్మంగారినడగండి."

వీరబ్రహ్మం ఆ వీధిలో పెద్ద కంసాలి. తన కొట్టు లోపలి మట్టి కూడా ఊడ్చుకోనిచ్చేది పాపాయినొక్కర్తినే. రెండు గ్రాముల రజను పొట్లం కట్టుకుని, చిన్న త్రాసు పట్టుకుని స్కూటర్ మీద వచ్చాడు. పొట్లం విప్పేముందు పాపాయిని పక్కకి పిలిచాడు.

"నీ మాట మీద తెచ్చానే. తూకం తగ్గిందో, నేనూరుకున్నా వీధి ఊరుకోదు. రేపట్నించి నిన్ను ఏ గుమ్మం ఎక్కనివ్వరు."

"ఆయ్, తెలుసండి."

నలభై డిగ్రీల ఎండలో పాపాయికి బొచ్చు కోటు తొడిగారు. చీర మీద కోటు, గాజులు పైకి తోసి గ్లవ్స్. ఫణీంద్ర "యాక్షన్" అన్నాడు. బేసిను తిరిగింది. ఇసుక అంచు మీంచి పొరలు పొరలుగా జారిపోయింది. చివర్లో నల్ల ఇసుక అంచున సన్నటి పసుపు గీత మిగిలింది. ఫణీంద్ర కట్ చెప్పడం మర్చిపోయాడు.

ఆరబెట్టి తూచారు. వీరబ్రహ్మం మళ్లీ తూచాడు. త్రాసు గాలికి ఊగుతుందని గొడుగు అడ్డం పెట్టించి మూడోసారి తూచాడు.

"కాలు గ్రాము తక్కువే, పాపాయీ."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఆమెకి ఎక్కువ భయమేసింది. బేసిను తడిమింది, గోళ్లు చూసుకుంది, గ్లవ్స్ తిరగేసి దులిపింది. ఏమీ లేదు. అప్పుడు కోటు మీద చూపు పడింది. కుడి చెయ్యి బొచ్చు మోచేతి దాకా తడిసి ముద్దయింది.

"దీన్ని కాల్చాలండి," అంది.

"ఏంటి?" ఫణీంద్ర అరిచాడు.

"కంసాలి కూర్చున్న పాత గోనె అలాగే కాలుస్తామండి. బూడిద కడిగితే బంగారం వస్తుంది."

"హీరో కోటమ్మా అది! ఒక్కటే ఉంది! సగం సినిమా దాంట్లోనే ఉన్నాడు!"

"నాకున్నవి కూడా ఆ గుమ్మాలేనండి."

పాపాయి కోటు చెయ్యి ఒళ్లో పెట్టుకుని బొచ్చు పాయలు తీసి చూసింది. ఆడపిల్ల జుట్టులాగే ఉంది.

"మంజుషమ్మా, ఊళ్లోంచి కుంకుడుకాయలు తెస్తావా? ఆ టీ ఫ్లాస్కులో ఉట్టి వేణ్ణీళ్లు పొయ్యమను."

కుంకుడు రసం పోసి, బేసినులో కోటు చేతికి తలంటింది. కుదుళ్ల దాకా వేళ్లు పోనిచ్చి నలిపింది, పిండింది, మళ్లీ పోసింది. నురగ మెల్లగా తీసేసి, మిగిలిన నీటిని ఊపడం మొదలెట్టింది. ఊపుతున్నంతసేపూ పెదాలు కదిలాయి. దేవుణ్ణి తలుచుకుందో అత్తగారిని తిట్టిందో తెలీదు. అడుగున చుక్కలు చుక్కలుగా పసుపు పేరుకుంది.

వీరబ్రహ్మం తూచాడు. ముల్లు మధ్యలో నిలబడింది. ఆయన రజను కాగితంలో పోసి మూడు మడతలు పెట్టి, జేబులో వేసుకుని, ఆ జేబు మీద చెయ్యేసుకున్నాడు.

"హమ్మయ్య," అని పాపాయి ఇసుకలో చతికిలపడి, ఒకటే నవ్వు.

ఫణీంద్ర మాత్రం కోటు వైపే చూస్తున్నాడు. "అన్నీ పోగొట్టుకున్నవాడు ఒడ్డున కూర్చుని తన కోటు కడుక్కుంటాడు... బంగారం కనపడుతుంది. ఇదీ సీను! నేనది తీయలేదే!" అని పాపాయి వైపు వంగాడు. "అమ్మా, ఇంకొక్కసారి?"

పాపాయి వీరబ్రహ్మం ముఖంలోకి చూసింది. ఆయన ఏటి వైపు చూశాడు, స్కూటర్ వైపు చూశాడు. ఆఖరికి జేబులోంచి పొట్లం తీసి, తన చేత్తోనే విప్పి, ఉప్పు జల్లినట్టు కోటు చెయ్యి మీద జల్లాడు.

"చాలా పాపాయీ? ఇంకాస్త వెయ్యనా?"